హార్మోనియం పెట్టెలో కాలు

డ్రిల్లు మేస్టారు జ్ఞానప్రకాశం గారి గురించి చెప్పమని మా ఊళ్ళో ఎవరిని అడిగినా ముందు ఆయన పోగొట్టుకున్న కాలు గురించి చెబుతారు. తరవాత హార్మోనియం పెట్టె గురించి చెబుతారు. ఆ తరవాత పడీ పడీ నవ్వుతారు. మనిషి గురించి మాత్రం ఒక్కరూ చెప్పరు. మనిషి గురించి చెప్పాలంటే కాస్త ఆలోచించాలి. అంత కష్టం మా ఊరి వాళ్ళు ఏనాడూ పెట్టుకోలేదు.

ఆయన నాకు బావ. మా అక్క తబిత భర్త. నేను పక్క ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. సత్యకుమారి టీచరుకి నోటి దురుసు ఎక్కువని పేరుంది. ఉంటే ఉంది. అది నాకు పుట్టుకతో రాలేదు, ఈ ఊళ్ళో కాపురం ఉండబట్టి వచ్చింది.

మాది పెనుగొండకీ తణుకుకీ మధ్య కాలవ గట్టు మీది ఊరు. మా పేటలో లూథరన్ గుడి ఉంది, గుడికో సంఘం ఉంది, సంఘానికో కమిటీ ఉంది. ఆ కమిటీకి పని ఉండదు. పని లేని కమిటీ మనిషిని ఎంత దూరం తీసుకెళ్ళగలదో మా బావని చూసే తెలుసుకున్నాను.

బావ మా ఊరి జిల్లా పరిషత్ స్కూల్లో ఇరవై ఏళ్ళ పైన డ్రిల్లు చెప్పాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ నిటారుగా ఉంటాడు. చదువులో మొద్దని మా నాన్న పెళ్ళికి ముందే తేల్చేశాడు. అది నిజమే. కానీ ఒళ్ళు ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పిల్లల్ని వరసగా నిలబెట్టి కళ్ళు మూసుకోమనేవాడు. "మీ కుడికాలు ఎక్కడుందిరా?" అని అడిగేవాడు. వాళ్ళు కిందకి చూడకుండా బొటనవేలు ఆడించి చూపించాలి. "చూడకుండా తెలియాలి. చూస్తే ఎవడికైనా తెలుస్తుంది" అనేవాడు. కాలెక్కడుందో తెలుసుకోడానికి కూడా ఒక పీరియడు కావాలా అని మిగతా మేస్టర్లు స్టాఫ్ రూం కిటికీలోంచి చూసి నవ్వుకునేవారు. ఒంటికి తన సంగతి తనకి తెలిసే ఎరుక ఒకటుందని, కంటిచూపుతో సమానంగా దాన్నీ లెక్కలోకి తీసుకోవాలని ఇంగ్లండు డాక్టర్లకి తట్టడానికే పందొమ్మిదో శతాబ్దం రావలసి వచ్చింది. మా స్టాఫ్ రూం ఏ శతాబ్దంలో ఉందో నేను చెప్పను.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిందని తొంభై ఏడు ఆగస్టులో మండలం స్కూళ్ళన్నీ కలిపి పెద్ద కవాతు పెట్టారు. కవాతు ముందు నడిచేది మా బావ. రోజూ వేసుకునే తెల్ల కేన్వాసు బూట్లు ఆ రోజుకి తగవని ఆయనకి తోచింది. తణుకు వెళ్ళి నల్ల తోలు బూట్లు తెచ్చుకున్నాడు. కొట్లో ఆయన సైజు లేదు, ఒక సైజు తక్కువది ఉంది. "తోలు కదండీ, తొడిగే కొద్దీ సాగుద్దండి" అన్నాడు కొట్టువాడు. గుడిలో బైబిలు వాక్యం చదువుతుంటే కునుకు తీసే మా బావ, కొట్టువాడి మాట మాత్రం వాక్యంలా నమ్మాడు.

ముఖ్య అతిథి పొద్దున్నే రావలసినవాడు ఎండ నడినెత్తికి వచ్చాక వచ్చాడు, పక్కన ఒకడి చేత గొడుగు పట్టించుకుని. బావ పిల్లల్ని నీడకి పంపేసి తాను మాత్రం అంతసేపూ అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. ఇంటికొచ్చి బూటు విప్పేసరికి కుడికాలి వేళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. చిటికెనవేలు పక్కన తోలు ఒరుసుకుని చర్మం లేచిపోయింది.

"మిమ్మల్ని ఎవరు నిలబడమన్నారండీ? కాసేపు కూర్చుంటే దేశం కూలిపోద్దా?" అన్నాను.

"అతిథి రాకుండా స్టాండెటీజ్ చెప్పకూడదు, కాళ్ళు వదులు చెయ్యకూడదు సత్యా" అన్నాడు.

ఆ అతిథి ఏం మాట్లాడాడో ఆ సాయంత్రానికే ఎవరికీ గుర్తు లేదు.

బావకి అప్పటికే షుగరుంది. కాఫీలో పంచదార మానేసి బెల్లం వేసుకోవడమే దానికి ఆయన చేసుకుంటున్న వైద్యం. ఈ వైద్యం చెప్పింది మా ఊరి బుల్లియ్య. పాలకొల్లులో ఎవరో డాక్టరు దగ్గర కొన్నాళ్ళు సూదులు మరగబెట్టి, ఆ ఆవిరి తగిలినందుకే తానూ డాక్టరైపోయి, మా సెంటర్లో బోర్డు కట్టుకున్నాడు. పుండు మీద పసుప్పచ్చ పొడి చల్లి "నీళ్ళు తగలనివ్వకండి మేస్టారూ, తగ్గిపోద్ది" అన్నాడు. వేలు నల్లబడితే "పక్కు కడతందండి, మంచిదే" అన్నాడు. పాదమంతా వాసన వేశాక "నేను ముందే చెప్పాను కదండీ, పెద్దాసుపత్రికి వెళ్ళమని" అన్నాడు. బుల్లియ్య ఇప్పటికీ సూదులు వేస్తూనే ఉన్నాడు. జనం వేయించుకుంటూనే ఉన్నారు.

రాజమండ్రిలో తొడ మధ్యకి కోసేశారు. కోసిన కాలిని లుంగీలో చుట్టి మా చేతికిచ్చి, తీసుకెళ్ళి పాతుకోండి అన్నారు. సంఘ పెద్ద సామ్యేలు దాన్ని గోనెసంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. గుడి సామాను చూసుకునేది ఈ సామ్యేలే. చాపలు, లైట్లు, హార్మోనియం, గంట తాడు, ఇవంటే ఆయనకి ప్రాణం. వాటి మీద ఉన్న శ్రద్ధ వాటి మీద కూర్చునే మనుషుల మీద ఎప్పుడూ కనపడలేదు. "సంచిలో ఏంటండీ?" అని కండక్టరు అడిగితే "మా డ్రిల్లు మేస్టారండి" అన్నాడట. గోదావరి మీది సిద్ధాంతం వంతెన దాటేలోపు తన చుట్టూ సీట్లన్నీ ఖాళీ అయిపోయాయని, కాళ్ళు చాపుకుని హాయిగా వచ్చానని అదో ఘనకార్యంలా చెప్పుకుంటాడు.

కాలికి భూస్థాపన ఆరాధన జరిపించవచ్చా కూడదా అని కమిటీ కూర్చుంది. కాలు బాప్తిస్మం పొందిందా అని ఒకాయనకి అనుమానం వచ్చింది. నీళ్ళు తల మీదే చల్లుతారు కాబట్టి కాలిదాకా వచ్చి ఉండవని ఇంకొకాయన వివరించాడు. అవతల మనిషి ఆసుపత్రిలో ఒళ్ళెరగకుండా పడి ఉంటే ఇవతల వీళ్ళు పట్టుకు వేలాడింది ఇదీ. చివరికి పాస్టరు గారు చిన్న ప్రార్థన చాలన్నారు. సమాధుల దొడ్డిలో మా కుటుంబానికున్న చోట కుడిపక్కగా పాతిపెడితే, చచ్చినవాళ్ళంతా లేచే పునరుత్థానం నాడు మేస్టారికి వెతుక్కునే పని ఉండదని సామ్యేలు సలహా ఇచ్చాడు. దేవుడి సామాను కూడా ఈయనే సర్దిపెట్టాలి.

పెట్టె కావాలి. మనిషికైతే చేస్తాను గానీ కాలికి చెయ్యనని వడ్రంగి తెగేసి చెప్పాడు. అప్పుడు సామ్యేలే గుడిలోంచి హార్మోనియం పెట్టుకునే చెక్కపెట్టె తెచ్చాడు. అది పొట్టిది. మోకాలు మడిచి, పాదం వంచితే గానీ మూత పడలేదు. ఆ రోజు తుఫాను వాన. నాలుగు గొడుగుల కింద ప్రార్థన ముగించి, గొయ్యి పూడ్చడం సామ్యేలు చూసుకుంటాడని అందరూ ఇళ్ళకి పరిగెత్తారు.

అక్కడ రాజమండ్రిలో తెలివొచ్చాక బావ మా అక్కతో అన్న మొదటి మాట ఇది. "తబితా, కుడికాలి వేళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కేశాయి. నలిగిపోతన్నాయి. కాస్త విడదియ్యి."

అక్క దుప్పటి ఎత్తి చూసి ఏడ్చింది. మందులిచ్చే నర్సు నవ్వింది. బావ కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకుంటే కాలెక్కడుందో ఆయనకి ఇంకా బాగా తెలిసింది. పిల్లలకి నేర్పిన పాఠం ఆయన్నే పట్టుకుని వదలలేదు.

ఇంటికొచ్చాక హార్మోనియం పెట్టె సంగతి తెలిసింది. చెప్పింది బుల్లియ్య. "పెట్టె పొట్టిది కదండీ మేస్టారూ, లోపల ఇరుక్కుపోయి ఉంటది. అందుకే మీకిక్కడ వేళ్ళు నలుగుతన్నాయి" అన్నాడు. పేట పేటంతా అవునవునంది. ఆ రోజు నుంచి బావకి లేని మోకాలు కూడా నొప్పెట్టడం మొదలైంది. అంతకుముందు మోకాలి ఊసే లేదని నాకు బాగా గుర్తు. ఆ మాట అంటే, టీచరమ్మకి అన్నీ అనుమానాలే అన్నారు.

నొప్పి ఎలాంటిదో నేను చూశాను. భోంచేస్తూ ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయేవాడు. మొహం చెమట పట్టేది. తొడ మీద గుడ్డతో బిగించి కట్టుకునేవాడు. అయినా మందు కావాలని ఎవరినీ పీడించలేదు. అందరినీ ఒక్కటే అడిగేవాడు, నిజంగా నొప్పెడుతోంది, నమ్ముతారా అని. నమ్ముతామండి అనేవాళ్ళు, వీధి మలుపు తిరిగాక నవ్వుకునేవాళ్ళు. స్కూల్లో ఆయన్ని ఆఫీసు గదిలో కుర్చీలో కూలేశారు. దారిన పోయే ప్రతి పెద్దమనిషీ గుమ్మంలోంచి తొంగిచూసి "కాలెలా ఉందండి మేస్టారూ?" అని అడగడం. ఒకసారి బావ నన్నూ అడిగాడు.

"నువ్వైనా నమ్ముతావా సత్యా?"

"నొప్పి ఉందంటున్నారు కదా బావగారూ. ఉండే ఉంటుంది."

"ఉండే ఉంటుందంట" అని నవ్వాడు. "నువ్వు సైన్సు టీచరువి. కంటితో చూస్తే గానీ నమ్మవు. చూపించడానికి నా దగ్గర కాలు లేదు."

ఆ వేసవి సెలవుల్లో రాజమండ్రిలో ఒక కాలేజీ లైబ్రరీలో కూర్చుని చదివాను. చదివేకొద్దీ ఒళ్ళు మండింది. ఇదేమీ కొత్త సంగతి కాదు. నాలుగొందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో, రాజులకి వైద్యం చేసిన మంగలి పనితో మొదలుపెట్టిన ఒక డాక్టరు, కాళ్ళూ చేతులూ తీసేసినవాళ్ళు లేనిచోట నొప్పని ఏడుస్తున్నారని రాసిపెట్టాడు. ఆ తరవాతి శతాబ్దంలో ఒక తత్వవేత్తకి, కుళ్ళిన చెయ్యి కోసేసిన ఆడపిల్ల సంగతి దొరికింది. చెయ్యి తీసేశామని ఆ పిల్లకి చెప్పను కూడా లేదు, గుడ్డలు చుట్టి మభ్యపెట్టారు. పిల్ల వేళ్ళు నొప్పని ఏడుస్తుంటే ఈయన, ఒంటిలోంచి మెదడుకి నరాలు తాళ్ళలా పోతాయని, మధ్యలో లాగినా కొస లాగినట్టే ఉంటుందని చెప్పి సంతోషించాడు. పిల్ల నొప్పి ఏమైందో నేను చదివినదాంట్లో ఎక్కడా లేదు. చెయ్యి పోయిన ఒక ఇంగ్లీషు నౌకాధిపతి అయితే, లేని చెయ్యి తెలుస్తోంది కాబట్టి ఆత్మ ఉన్నట్టేనని చెప్పుకున్నాడట. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్ళూ చేతులూ కుప్పలు పోసి కోశాక, అక్కడి డాక్టరొకాయన ఈ సంగతి ముందు పేరు లేకుండా పత్రికలో కథగా వేశాడు. నవ్వుతారని భయపడ్డాడో ఏమో. కొన్నేళ్ళకి ధైర్యం తెచ్చుకుని దాన్ని భూతం కాలు అన్నాడు. పేరైతే కుదిరింది. నొప్పి ఉన్నచోటే ఉంది.

వాళ్ళ పేర్లు నాకు నోరు తిరగవు. తిరిగినా చెప్పను. నాకు వాళ్ళ వరస అంతా మా ఊళ్ళోనే కనపడింది. నాలుగొందల ఏళ్ళ చరిత్ర మా బావ ఒక్కడి మీద రెండేళ్ళలో నడిచింది. పాస్టరు గారు, అది ఆత్మ సంబంధమైన కాలు, సంతోషించండి అన్నారు. కోసిన డాక్టరే మళ్ళీ చూసి, నరాల కొసలు ముడిపడ్డాయి, అవే అరుస్తున్నాయి అని ఇంకాస్త కోశాడు. తొడ పొట్టిదైంది, వేళ్ళు మాత్రం ఎప్పటిలాగే నలుగుతున్నాయి. కాకినాడలో మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కాలు పోయిందని మీ మనసు ఒప్పుకోవడం లేదు, ఒప్పుకోండి అన్నాడు.

"ఒప్పుకున్నానండి. కర్రల మీదే వచ్చాను కదండీ" అన్నాడు బావ.

ఆ డాక్టరు దాన్ని కూడా ఒప్పుకోకపోవడం కిందే రాసుకుని నిద్రమాత్రలు ఇచ్చాడు. మెదడులో ఒంటి పటం ఒకటి ఉంటుందని, కాలు తీసేసినా పటంలో కాలు చోటు చెరిగిపోదని అప్పటికి పుస్తకాలకెక్కి చాలా ఏళ్ళయింది. మెలకువగా ఉన్న రోగుల మెదడు మీద కరెంటు ముట్టించి మరీ చూసుకున్నారు, ఇది చెయ్యి, ఇది పెదవి అని. ఆ కబురు మా జిల్లాల పెద్ద డాక్టర్లదాకా రాలేదు. రోగిని మాట్లాడనిస్తే కదా ఏదైనా వచ్చేది.

ఇక హార్మోనియం పెట్టె సంగతి. కాలు తవ్వి తీసి, వేళ్ళు విడదీసి, చాపి పడుకోబెడితే నొప్పి పోతుందని పేట మొత్తం తేల్చేసింది. బావ కర్రల మీద కమిటీ ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. జీవితంలో ఒకరిని ఏదీ అడగని మనిషి, నా కాలు తిన్నగా పెట్టించండి అని చేతులు జోడించి అడిగాడు. కమిటీలో అందరూ సరే అన్నారు, ఒక్క సామ్యేలు తప్ప. నిద్రించిన వాటిని కదపకూడదు అన్నాడు. సంఘం పరువు అన్నాడు. వాన కాలం అన్నాడు, ఎండాకాలం అన్నాడు. కోతలయ్యాక ఇక చెప్పడానికి సాకులు మిగల్లేదు.

తవ్వే రోజు పేటంతా వచ్చింది. అంత జనం ఈస్టరు నాడు కూడా రారు. పిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్ళున్నారు, వేరుశనక్కాయలు తెచ్చుకున్నవాళ్ళున్నారు. తవ్వుతుంటే పలుగుకి చెక్క తగల్లేదు. ఇంకా తవ్వారు. చివికిపోయిన లుంగీ గుడ్డ వచ్చింది. అందులో ఎముకలు తిన్నగా, చక్కగా చాపుకుని ఉన్నాయి.

"పెట్టేదీ?" అన్నారు పాస్టరు గారు.

సామ్యేలు చెమటలు కక్కుతున్నాడు. "గుడి గదిలో ఉందండి" అన్నాడు. "మంచి టేకు పెట్టండి. మట్టిలో కలిపేయడానికి మనసొప్పలేదండి. ఆ రోజు మీరందరూ వెళ్ళిపోయాక కాలు తీసి లుంగీతోనే పాతేశానండి. పెట్టె కడిగి ఆరబెట్టి కీర్తనల పుస్తకాలు పెట్టుకున్నానండి."

కొందరు చేతులు వాసన చూసుకున్నారు. వారం వారం ఆ పుస్తకాలు పట్టుకుని పాడినవాళ్ళు మరి. ఆ తరవాత ఒకడు నవ్వాడు. ఇక ఆగలేదు. సమాధుల మీద చేతులు ఆనించుకుని నవ్వారు. పాస్టరు గారు కూడా రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు. సామ్యేలు చేసిన దొంగపనిని ఎవరూ ఒక్క మాట అనలేదు. అందరూ బావ వైపు తిరిగారు.

"కాలు హాయిగా చాపుకునే ఉంది కదండీ మేస్టారూ. మరి నొప్పెక్కడిదండీ?"

బావ అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. కాసేపు కళ్ళు మూసుకుని చూసుకున్నాడు. "మోకాలి నొప్పి పోయిందండి, ఇప్పుడే. వేళ్ళ నొప్పి మాత్రం అలాగే ఉందండి" అన్నాడు.

అది నిజమని నాకప్పుడే అర్థమైంది. బుల్లియ్య నోటితో వచ్చిన నొప్పి సామ్యేలు నోటితో పోయింది. వేళ్ళ నొప్పి ఎవరి మాటతోనూ రాలేదు, అందుకే పోలేదు. నొప్పి నటించే మనిషైతే రెండూ పోయాయనేవాడు, లేదా రెండూ ఉన్నాయనేవాడు. ఈ మాత్రం ఆలోచన అంత జనంలో ఒక్కరికి తట్టలేదు. మేస్టారిది నాటకమని ఆ రోజుతో ఖాయం చేసేశారు. బావ గుడికి రావడం మానేశాడు. కాలు మాట ఎత్తడం మానేశాడు. భోజనం దగ్గర మొహం చెమట పడితే అటు తిరిగి తుడుచుకునేవాడు. ఒకరోజు అక్క నాతో "నొప్పని అరిచినా బావుండేదే. ఇలా నోరు కట్టేసుకుంటే చూడలేకపోతన్నాను" అంది.

రెండు వేల సంవత్సరంలో ఆయన్ని విశాఖపట్నంలో ఒక నరాల డాక్టరుకి చూపించాను. కుర్రాడు. గడియారం చూసుకుంటూ, ఆవులిస్తూ చెప్పాడు. "రెండు కాళ్ళ మధ్య అద్దం పెట్టి, ఉన్న కాలిని అద్దంలో చూడమనండి. లేని కాలు ఉన్నట్టు కనపడుతుంది. కదిపితే అదీ కదులుతుంది. మద్రాసులో చదువుకుని అమెరికా వెళ్ళిన డాక్టరొకాయన చేసి చూపించాడు. కొందరికి తగ్గింది. ఖర్చేం లేదు కదా." మూడేళ్ళలో పనికొచ్చిన మాట ఒక్కటి దొరికింది, అదీ ఆవులింతలో.

ఇప్పుడు బావకి నొప్పి చాలావరకు తగ్గిందంటే సామ్యేలు తవ్వకం మహిమ అంటాడు, పాస్టరు గారు ప్రార్థన అంటారు, బుల్లియ్య తన సూది అంటాడు. వాళ్ళెవరూ అద్దం పెట్టిన రోజు ఆ గదిలో లేరు. నేనున్నాను.

అక్క కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో తన బీరువా తలుపు అద్దం ఊడదీసింది. మంచం మీద బావని కాళ్ళు చాపి కూర్చోబెట్టి, అద్దాన్ని మధ్యలో పొడుగ్గా, ఎడమకాలి వైపు తిప్పి నిలబెట్టి, ఒక కొస అక్క, ఒక కొస నేను పట్టుకున్నాం. కోసేసిన తొడ అద్దం వెనక్కి పోయింది. ముందు నుంచి చూస్తే రెండు కాళ్ళ మనిషి. బావ తొంగిచూసి మొహం తిప్పేసుకున్నాడు.

"ఇది నా కాలు కాదు."

"మీ ఎడమకాలే బావగారూ. అద్దంలో కుడికాలిలా కనపడుతోంది. వేళ్ళు ఆడించండి, చూద్దాం."

"ఆడిస్తే ఏమొస్తుంది? అది ఉత్తికాలు. నా కాలికి బూటుంది."

"బూటేంటండీ?" అంది అక్క.

"బూటే. తణుకు బూటు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచినప్పటి నుంచీ కాలికే ఉంది. లేసులు బిగుసుకుపోయి ఉన్నాయి."

"మూడేళ్ళయింది, ఒక్కసారైనా చెప్పలేదేంటండీ?"

"ఎవరడిగారు?" అన్నాడు. ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి వినడం. "కాలే లేదు పొమ్మన్నారు. కాలు లేదన్నవాళ్ళతో బూటుందని చెబితే పిచ్చాసుపత్రిలో పడేస్తారు. పెట్టెలో ఇరుక్కుందన్నారు, అదేనేమో అనుకున్నాను. నాకేం తెలుసు?"

ఆ బూట్లలో కుడిదాన్ని కోపం పట్టలేక నేనే కాలవలో విసిరేశాను. ఎడమది అక్క అటక మీద దాచింది. దింపి తెచ్చింది. నాకు భయం వేసింది. షుగరు మనిషి, ఉన్నది ఒక్క కాలు, దానికీ పుండు పడితే ఏం గతి? వద్దన్నాను.

"కాసేపే" అన్నాడు బావ. "తొడుగు తబితా."

తోలు బిర్రబిగిసిపోయింది. అక్క అతి కష్టం మీద తొడిగి, ఆయన చెప్పినట్టే లేసులు లాగి కట్టింది. మళ్ళీ అద్దం పట్టుకున్నాం. ఈసారి బావ మొహం తిప్పుకోలేదు. అద్దంలోని బూటునే చూస్తూ కూర్చున్నాడు. నుదురంతా చెమట.

"ఇదీ నా కాలు" అన్నాడు.

బావ నడుం నిటారుగా చేసుకున్నాడు.

"స్టాండెటీజ్" అన్నాడు, మెల్లగా, తనకి తానే. తరవాత అక్కతో "ఇంక విప్పు" అన్నాడు.

అక్క ఒక చేత్తో అద్దం వదలకుండానే లేసు లాగింది. నేను వంగి బూటు మడమ పట్టుకుని ఊడదీశాను. బావ కన్ను అద్దం మీద నుంచి కదల్లేదు. పాదం బయటికి రాగానే వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు. అద్దంలో కుడికాలి వేళ్ళు ఒక్కొక్కటీ విడిపోయాయి. ఆయన నోట్లోంచి చిన్నపిల్లాడి మూలుగు లాంటిది వచ్చింది. భుజాలు వదులై కిందకి దిగాయి. మూడేళ్ళుగా ఆ భుజాలు పైకే ఉన్నాయని అవి దిగాక గానీ నాకు తెలియలేదు. అక్క అద్దం మీద తల ఆనించి ఏడ్చేసింది. నొప్పి ఆ తరవాత కూడా వచ్చేది. వచ్చినప్పుడల్లా వాళ్ళిద్దరూ అద్దం దింపుకునేవారు. రానురాను తక్కువైంది.

కానీ ఆ రోజు బావ ముందు అడిగింది నొప్పి సంగతి కాదు. అద్దంలోకి చెయ్యి చూపిస్తూ నన్ను పిలిచాడు.

"ఇటు రా సత్యా. నువ్వు చూడు."

చూశాను. అద్దంలో ఆయన కుడికాలుంది. చిటికెనవేలు పక్కన, సరిగ్గా ఆ ఆగస్టులో చర్మం లేచిపోయిన చోటే, తోలు ఒరుసుకుని ఎర్రగా కమిలి ఉంది.

"కనపడుతోందా?"

"కనపడుతోంది బావగారూ."

"నొప్పెడుతుందా, పెట్టదా? నువ్వే చెప్పు."

"నొప్పెడుతుంది" అన్నాను.